ఫైలు గడప దాటిందా? బ్రౌజర్లోని ‘లోకల్’ వ్యూయర్ల సంగతి

2025 నవంబరులో వాచ్‌టవర్ అనే భద్రతా పరిశోధన సంస్థ ఒక సంగతి బయటపెట్టింది. జేసన్ (ప్రోగ్రాములు డేటాను ఇచ్చిపుచ్చుకునే వచన రూపం) ఫైళ్లను వరుసలు సరిచేసి, రంగులు వేసి చూపించే రెండు ఉచిత వెబ్‌సైట్లలో జనం ‘సేవ్’ నొక్కి దాచుకున్న 80 వేలకు పైగా ముక్కలు ఎవరు పడితే వారు చదవగలిగేలా పడి ఉన్నాయి. గోడ దూకాల్సిన పని కూడా లేకపోయింది. ‘ఇటీవలి లింకులు’ అనే పేజీ ఆ సైట్లలోనే ఉంది, లింకుల తీరు ఇట్టే ఊహించగలిగేది. ఆ ముక్కల్లో డేటాబేస్ పాస్‌వర్డ్లు, క్లౌడ్ ఖాతాల రహస్య కీలు, వ్యక్తుల వివరాలు ఉన్నాయి. పెట్టినవారిలో బ్యాంకుల వారూ, ప్రభుత్వ విభాగాల వారూ, చివరికి సైబర్ భద్రత సంస్థల వారూ ఉన్నారు. పరిశోధకులు ఎర కూడా వేసి చూశారు. 24 గంటల గడువు పెట్టి నకిలీ క్లౌడ్ కీలను అక్కడ దాచారు. పెట్టిన 48 గంటలకు, అంటే లింకు గడువు తీరిన ఒక రోజు తర్వాత, ఎవరో ఆ కీలను వాడి చూశారు.

ఇలా చేసినవారిని తిట్టడం తేలిక. కానీ వారి అవసరం చాలా చిన్నది. సర్వర్ నుంచి వచ్చిన జవాబు ఎక్కడా విరామం లేకుండా ఒకే లైనులో వేల అక్షరాలుగా ఉంటుంది. దాన్ని కంటికి ఆనేలా చూడాలి, అంతే. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో కొత్త సాఫ్ట్‌వేర్ పెట్టుకోవడానికి అనుమతి ఉండదు. ఐటీ విభాగానికి టికెట్ వేస్తే అది ఎప్పటికి తెమిలేనో తెలియదు. బ్రౌజర్ మాత్రం ఎప్పుడూ ఎదురుగా తెరిచే ఉంటుంది. హైదరాబాదులో కూర్చుని విదేశీ క్లయింటు డేటాతో పనిచేసే వేలాది మంది రోజూ ఎదుర్కొనే పరిస్థితే ఇది.

ఈ అవసరానికే మరో రకం సైట్లు పుట్టుకొచ్చాయి. ‘మీ ఫైలు మీ కంప్యూటర్ దాటి వెళ్లదు’ అన్నది వాటి హామీ. జేసన్, సీఎస్వీ, లాగ్ ఫైళ్లు, ఎస్‌క్యూలైట్ డేటాబేసులు, పార్కే ఫైళ్లు, హార్ ఫైళ్లు వగైరా అన్నింటినీ ట్యాబ్‌లోనే విప్పి చూపిస్తామంటాయి. సాంకేతికంగా అది పూర్తిగా సాధ్యమే. చాలా సైట్ల విషయంలో ఆ మాట నిజం కూడా. చిక్కల్లా బయటి నుంచి చూస్తే రెండు రకాలూ ఒకేలా కనిపించడంలో ఉంది. అదే చుక్కల గీతల పెట్టె, ‘ఫైలును ఇక్కడికి లాగి వదలండి’ అనే అదే వాక్యం. ఫైలు తెరుచుకోవడం, ఫైలు పంపబడటం అనే రెండు వేర్వేరు పనులకు బ్రౌజర్ తెరపై ఒకే ముఖం ఉంది.

కెమెరా వాడాలంటే బ్రౌజర్ అడుగుతుంది. మైకు, లొకేషన్, నోటిఫికేషన్లు అన్నింటికీ అడుగుతుంది. ‘ఈ పేజీ మీ ఫైలును చదివింది, ఇప్పుడు దీనికి ఇంటర్నెట్ వాడుకునే అనుమతి ఉంచమంటారా?’ అని మాత్రం ఏ బ్రౌజరూ అడగదు. అటువంటి అనుమతే లేదు. వెబ్ పేజీ అంటేనే నెట్‌తో మాట్లాడేది కాబట్టి దాన్ని వేరే హక్కుగా ఎవరూ లెక్కించలేదు. లోకల్ వ్యూయర్ల వ్యవహారమంతా ఈ ఖాళీ చుట్టూ తిరుగుతుంది.

పేజీ చేతికి వచ్చేది ఎంత

వెబ్ పేజీ తనంతట తాను డిస్కులోకి తొంగి చూడలేదు. మనిషి బటన్ నొక్కి ఎంచుకోవాలి, లేదా లాగి వదలాలి. అప్పుడు పేజీకి అందేవి ఆ ఫైలు పేరు, పరిమాణం, చివరిసారి మార్చిన తేదీ, లోపలి బైట్లు. ఫైలు ఏ ఫోల్డర్లో ఉందో చెప్పరు. ఫోల్డర్ పేరులో మనిషి పేరో, ప్రాజెక్టు పేరో ఉండవచ్చు గనుక దాచడం సబబే. అయితే పూర్తి చిరునామా వస్తుందని నమ్మి రాసిన పాత వెబ్‌సైట్లు కొన్ని దీనితో చెడిపోయాయి. వాటిని బుజ్జగించడానికి హెచ్‌టీఎంఎల్ ప్రమాణంలోనే ఒక అబద్ధాన్ని రాసిపెట్టారు. పేజీ పాత పద్ధతిలో అడిగితే ‘సీ డ్రైవ్‌లో ఫేక్‌పాత్ అనే ఫోల్డర్లో ఉంది’ అని బ్రౌజర్ జవాబిస్తుంది. మ్యాక్ మీదా, లైనక్స్ మీదా కూడా అదే సీ డ్రైవ్! ప్రమాణ పత్రాల్లో ఇంత నిజాయతీగా పేరు పెట్టిన అబద్ధం మరొకటి దొరకడం కష్టం.

ఫైలు అందిన తర్వాత పేజీ దాన్ని మొత్తంగా మింగనక్కరలేదు. ఫలానా బైటు నుంచి ఫలానా బైటు దాకా అని ముక్క కోసుకుని చదవవచ్చు. ఆధునిక వ్యూయర్ల వేగమంతా ఇక్కడే ఉంది. పార్కే ఫైలునే తీసుకుంటే, 2013లో ట్విట్టర్, క్లౌడెరా ఇంజనీర్లు విడుదల చేసిన ఈ ఫార్మాట్ డేటాను అడ్డ వరుసలుగా కాక నిలువు కాలమ్‌ల వారీగా దాస్తుంది. ఏ కాలమ్ ఎక్కడ మొదలవుతుంది, దాని రకం ఏమిటి, అందులో కనిష్ఠ గరిష్ఠ విలువలు ఎంత అనే పట్టిక ఫైలు చివరన ఉంటుంది. మొదట్లో నాలుగు బైట్ల గుర్తు, చివర్లో అదే నాలుగు బైట్ల గుర్తు, దానికి ముందు నాలుగు బైట్లలో ఆ పట్టిక పొడవు. కాబట్టి వ్యూయర్ ముందుగా చివరి 8 బైట్లు చదువుతుంది, అందులోని పొడవును బట్టి పట్టికను చదువుతుంది, ఆ తర్వాత మనిషి అడిగిన కాలమ్ ముక్కలను మాత్రమే తెచ్చుకుంటుంది. 3 జీబీ ఫైలులో ఏయే కాలమ్‌లు ఉన్నాయో చెప్పడానికి కొన్ని కేబీలు చాలు. జిప్ ఫైలు కూడా ఇంతే, దాని విషయసూచిక చివర్లోనే ఉంటుంది. వర్డ్ డాక్స్, ఎక్సెల్ షీట్, ఆండ్రాయిడ్ ఏపీకే పైకి వేర్వేరు పేర్లతో తిరుగుతున్నా లోపల జిప్పులే కాబట్టి వాటికీ ఇదే మార్గం.

సర్వర్‌కు అప్‌లోడ్ చేసే సైటుకు ఈ సౌలభ్యం ఉండదు. విషయసూచిక చూడటానికి కూడా మొత్తం 3 జీబీ వైరు దాటాలి. అంటే పెద్ద ఫైళ్ల విషయంలో లోకల్‌గా చూడటం గోప్యత కోసం చేసే త్యాగం కానే కాదు, వేగంగా పని జరిగే దారి కూడా అదే.

బరువైన పనికి వెబ్‌అసెంబ్లీ తోడొచ్చింది. 2017 చివరికి నాలుగు ప్రధాన బ్రౌజర్లలోకి వచ్చిన ఈ సాంకేతికత 2019 డిసెంబరులో అధికారిక వెబ్ ప్రమాణమైంది. సీ, సీ ప్లస్ ప్లస్ భాషల్లో రాసిన పాత ప్రోగ్రాములను దాదాపు అలాగే బ్రౌజర్లోకి దించవచ్చు. ఎస్‌క్యూలైట్ వారు 2022లో 3.40 వెర్షన్ నుంచి తమ సొంత వెబ్‌అసెంబ్లీ రూపాన్ని ఇస్తున్నారు. విశ్లేషణ డేటాబేస్ అయిన డక్‌డీబీ 2021లోనే బ్రౌజర్లోకి వచ్చింది. పార్కే ఫైలును ట్యాబ్‌లోకి లాగి, దానిపై నేరుగా ఎస్‌క్యూఎల్ ప్రశ్నలు వేయడం ఇప్పుడు మామూలు విషయం. హద్దులు లేవని కాదు. మామూలు 32 బిట్ల వెబ్‌అసెంబ్లీకి 4 జీబీకి మించి మెమరీ ఉండదు. క్రోమ్ ఇంజన్‌లో ఒక్క స్ట్రింగ్, అంటే అక్షరాల వరుస, సుమారు 53 కోట్ల అక్షరాలను మించకూడదు. క్రోమ్‌లో ఒక పేజీ అంశం ఎత్తు సుమారు 3.3 కోట్ల పిక్సెళ్ల దగ్గర ఆగిపోతుంది. లైనుకు 20 పిక్సెళ్లు లెక్కేసుకుంటే పదహారు లక్షల లైన్ల తర్వాత లాగ్ ఫైలు కిందికి జరగదు. మంచి వ్యూయర్ ఈ గోడను దాటడానికి స్క్రోల్ బార్‌ను తానే నటిస్తుంది. నాసిరకం వ్యూయర్ మిగతా లైన్లను చడీచప్పుడు లేకుండా వదిలేస్తుంది.

చూపించినదంతా నిజమేనా

గోప్యత గురించి మాట్లాడేవారు చాలామందే ఉన్నారు. వ్యూయర్ చూపిస్తున్నది ఫైలులో ఉన్నదేనా అనే ప్రశ్న మాత్రం తక్కువగా వినిపిస్తుంది. లోకల్ వ్యూయర్లు అత్యధికం జావాస్క్రిప్ట్‌తో రాసినవి. ఆ భాష అలవాట్లు ఫైలుకు అంటుకుంటాయి.

జేసన్ ఫైలులో 9007199254740993 అనే సంఖ్య ఉందనుకుందాం. జావాస్క్రిప్ట్ సంఖ్యలు 2 ఘాతం 53 వరకే పూర్ణాంకాలను తేడా లేకుండా పట్టుకోగలవు. బ్రౌజర్లోని మామూలు జేసన్ పార్సర్ (ఫైలును చదివి విడగొట్టే కోడ్) గుండా వెళ్లిన వ్యూయర్ దాన్ని 9007199254740992గా చూపిస్తుంది. హెచ్చరిక ఉండదు, ఎర్ర గీత ఉండదు. ఆ సంఖ్య ఒక ఆర్డర్ నంబరో, ఖాతా ఐడీయో అయితే డెవలపర్ ఆ రోజంతా లేని రికార్డు కోసం వెతుకుతాడు. 2010లో ట్విట్టర్ తన ట్వీట్ల ఐడీలను 64 బిట్లకు మార్చినప్పుడు ఇదే బెడద వచ్చి, ప్రతి ఐడీని సంఖ్యగా ఒకసారి, అక్షరాలుగా ఇంకోసారి రెండు చోట్ల పంపాల్సి వచ్చింది. ఇంతేకాదు. ఒకే పేరుతో రెండు కీలు ఉంటే పార్సర్ రెండోదాన్ని మాత్రమే ఉంచుతుంది. ‘10’, ‘2’ అనే వరుసలో కీలు ఉంటే, అవి అంకెల్లా కనిపిస్తున్నాయి కాబట్టి 2 ముందు, 10 తర్వాత అని తిరగేస్తుంది. లోపం ఎక్కడుందో వెతకడానికి తెరిచిన ఫైలులో వ్యూయరే లోపాలను కప్పేస్తే ఇక చెప్పేదేముంది! కొనాలన్నా, వాడాలన్నా ముందు ఈ మూడు ఉదాహరణలనూ పేస్ట్ చేసి చూడటం అరనిమిషం పని.

తెలుగు వచనం ఉన్న ఫైళ్ల దగ్గర మరో తంటా ఉంది. అక్షరాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షర సంకేతం ఒక్కొక్కటీ మూడు బైట్లు తీసుకుంటుంది. ‘తెలుగు’ అనే మాట కంటికి మూడక్షరాలు, యూనికోడ్‌లో గుణింతపు గుర్తులతో కలిపి ఆరు సంకేతాలు, డిస్కు మీద 18 బైట్లు. మొదటి సంకేతమైన ‘త’ 224, 176, 164 అనే మూడు బైట్లుగా ఉంటుంది. వ్యూయర్ పెద్ద ఫైలును 65,536 బైట్ల ముక్కలుగా చదువుతోందనుకుందాం. ఆ సంఖ్యను మూడుతో భాగిస్తే 1 మిగులుతుంది. అంటే మొత్తం తెలుగే ఉన్న ఫైలులో మొదటి ముక్క చివర ఒక అక్షరం మొదటి బైటు మాత్రమే ఉండి, మిగతా రెండూ రెండో ముక్కలోకి పోతాయి. ముక్కకు ముక్క విడిగా అక్షరాల్లోకి మార్చే ప్రోగ్రాము ఆ అతుకు దగ్గర నల్ల వజ్రంలో ప్రశ్నార్థకం గుర్తును ముద్రిస్తుంది. దీనికి మందు బ్రౌజర్లోనే ఉంది. డీకోడర్‌కు ‘ఇంకా వస్తుంది, మిగిలిన బైటును దాచి ఉంచు’ అని చెప్పే చిన్న అమరిక అది. ఇంగ్లిష్ ఫైళ్లతో మాత్రమే పరీక్షించిన రచయితకు ఆ అమరిక అవసరం ఎన్నడూ కలగదు, ఇంగ్లిష్ అక్షరానికి ఒకటే బైటు మరి. పెద్ద తెలుగు సీఎస్వీ ఒకటి తెరిచి, వజ్రాలు ఎక్కడైనా మెరుస్తున్నాయేమో వెతికితే ఆ వ్యూయర్ పనితనం తేలిపోతుంది. ఫైలంతా నెత్తిన గీత ఉన్న లాటిన్ అక్షరాలూ, డిగ్రీ గుర్తులూ కనిపిస్తే జబ్బు వేరు. యూటీఎఫ్-8 బైట్లను పాత విండోస్ ఎన్‌కోడింగ్‌గా పొరబడ్డారన్నమాట. 224కి, 176కి ఆ పట్టికలో ఉన్న గుర్తులు అవే.

ఎస్‌క్యూలైట్ విషయంలో వంచన ఇంకా సున్నితమైనది. ఫోన్ యాప్‌లు చాలావరకు ఈ డేటాబేసును రైట్-అహెడ్ లాగ్ అనే పద్ధతిలో నడుపుతాయి. కొత్త మార్పులు ముందు పక్కనే ఉండే వేరే ఫైలులోకి వెళ్తాయి. అది వెయ్యి పేజీలకు చేరాక, మామూలుగా అయితే దాదాపు 4 ఎంబీ అయ్యాక, అసలు ఫైలులోకి చేరతాయి. ఎవరైనా ప్రధాన ఫైలును మాత్రమే బ్రౌజర్లోకి లాగి వదిలితే పేజీకి ఆ ఒక్క ఫైలే కనిపిస్తుంది. పక్క ఫైలును తెచ్చుకునే అధికారం దానికి లేదు. తెరపై పట్టికలన్నీ చక్కగా వస్తాయి, కానీ ఇవాళ్టి రికార్డులు ఉండకపోవచ్చు. మనల్ని కాపాడే నిబంధనే ఇక్కడ అసంపూర్ణమైన చిత్రాన్ని చూపిస్తుంది. డెస్క్‌టాప్ ప్రోగ్రాముకు ఈ ఇబ్బంది లేదు, అది ఫోల్డర్ మొత్తాన్నీ చూడగలదు. ఈ ఒక్క పనికి బ్రౌజర్ కంటే అదే నయం.

హామీని పరీక్షించడం

ఇక అసలు ప్రశ్న. ఫైలు బయటికి పోలేదని ఎలా తెలుస్తుంది?

అందరూ చెప్పే మొదటి పద్ధతి డెవలపర్ టూల్స్‌లో నెట్‌వర్క్ ప్యానెల్ తెరిచి ఉంచి ఫైలును వదలడం. ఏ అభ్యర్థనా వెళ్లకపోతే ప్రస్తుతానికి నిశ్చింత. ఇది మంచి అలవాటే, కానీ ఆ క్షణం గురించి మాత్రమే చెబుతుంది. రెండోది నెట్ కట్టేసి ప్రయత్నించడం. పేజీ పూర్తిగా తెరుచుకున్నాక వైఫై ఆపి, ఫైలును వదిలితే, అప్పుడూ పనిచేసిందంటే సర్వర్ అవసరం లేదని రుజువైనట్టే. అవసరం లేదన్నది మాత్రమే రుజువైంది, పంపదని కాదు. పేజీ చదివిన దాన్ని బ్రౌజర్ సొంత నిల్వలో దాచుకుని, నెట్ తిరిగి రాగానే పంపవచ్చు. క్రోమ్‌లో నేపథ్య సింక్ అనే సదుపాయం ట్యాబ్ మూసేసిన తర్వాత కూడా ఆ పని చేయగలదు. ఈ కంత పూడ్చాలంటే ప్రైవేటు విండోలో తెరిచి, నెట్ ఆపి, పని ముగించి, ఆ విండోలన్నీ మూసేశాకే నెట్ తిరిగి కలపాలి. అప్పుడు నిల్వంతా విండోతోనే పోతుంది. కాస్త చాదస్తంగా కనిపించినా, పాస్‌వర్డ్లున్న ఫైలుకు ఈ మాత్రం చాదస్తం తగినదే.

పేజీ రచయిత నిజాయతీపరుడైతే తన చేతులు తానే కట్టేసుకునే వీలుంది. కంటెంట్ సెక్యూరిటీ పాలసీ అనే ప్రకటనలో ‘ఈ పేజీ ఎక్కడికీ కనెక్ట్ కాకూడదు’ అని రాస్తే, ఆ తర్వాత పేజీలోని కోడ్ నెట్‌కు అభ్యర్థన పంపబోయినా బ్రౌజర్ ఆపుతుంది. ఫారాలను, బొమ్మలను కూడా విడిగా కట్టడి చేయాలి. ‘బొమ్మ తెస్తున్నాను’ అనే నెపంతో చిరునామాలో డేటా అతికించి పంపడం ఎప్పటి నుంచో ఉన్న కిటుకు. ఇన్ని చేసినా ఒక తలుపు మిగులుతుంది. పేజీ తనను తాను మరో సైటుకు మళ్లించుకుని, ఆ కొత్త చిరునామాలో కొంత డేటా మోసుకుపోవచ్చు. దాన్ని అడ్డుకునే నిబంధనను ఒకప్పుడు ప్రతిపాదించి తర్వాత వదిలేశారు. అయినా ఈ ప్రకటన ఉన్న వ్యూయర్, లేని వ్యూయర్ కంటే ఎన్నో మెట్లు పైన ఉంటుంది. కోడ్ చదవలేనివారు కూడా పేజీ మూలం తెరిచి ఆ ఒక్క లైను ఉందో లేదో చూడవచ్చు.

ఏ పరీక్ష అయినా ఇవాళ్టి పేజీకే వర్తిస్తుంది. డెస్క్‌టాప్ ప్రోగ్రాము ఒకసారి దించుకుంటే అప్‌డేట్ చేసేదాకా అదే. వెబ్ పేజీ తెరిచిన ప్రతిసారీ కొత్తగా వస్తుంది. నిన్నటి కోడే ఇవాళా వచ్చిందన్న పూచీ లేదు. పేజీ రచయిత మారకపోయినా, ఆ పేజీ బయటి నుంచి తెచ్చుకునే స్క్రిప్టు మారవచ్చు. 2024 ఫిబ్రవరిలో పాలీఫిల్ డాట్ ఐవో అనే డొమైన్ చేతులు మారింది. జూన్‌కల్లా అక్కడి నుంచి వచ్చే స్క్రిప్టులో హానికర కోడ్ చేరింది. లక్షకు పైగా సైట్లు దాన్ని ఏళ్ల తరబడి నమ్మకంగా వాడుతూ ఉన్నాయి. ప్రకటనల స్క్రిప్టులు, సందర్శకులను లెక్కించే స్క్రిప్టులు ఉన్న పేజీ ‘మేం మీ ఫైలు చూడం’ అన్నప్పుడు, ఆ మాట ఇచ్చేది పేజీ యజమాని ఒక్కడే. అదే పేజీలో నడుస్తున్న మిగతా కోడ్‌కు కూడా ఫైలులోని ప్రతి బైటూ అందుబాటులో ఉంటుంది. ప్రకటనలున్న లోకల్ వ్యూయర్‌ను నమ్మకపోవడానికి ఇంతకు మించిన కారణం అక్కరలేదు.

ఫైలే ఎదురు తిరిగితే

ఇప్పటిదాకా అనుమానమంతా పేజీ మీదే. ఫైలు కూడా దొంగ కావచ్చు. లాగ్ ఫైలులోని ఒక లైనులో హెచ్‌టీఎంఎల్ ట్యాగు ఉండి, వ్యూయర్ దాన్ని వచనంగా కాక పేజీ భాగంగా అతికిస్తే, అందులోని స్క్రిప్టు నడుస్తుంది. వెబ్‌సైటు ఫారంలో ఎవరో ఆకతాయి రాసిన మాటే లాగ్‌లోకి చేరి, లాగ్ చూసేవాడి బ్రౌజర్లో ప్రాణం పోసుకుంటుందన్నమాట. ఎస్‌వీజీ బొమ్మల్లో స్క్రిప్టు ఉండవచ్చు. మార్క్‌డౌన్‌లో బయటి బొమ్మకు లింకు ఉంటే, ఫైలు తెరిచిన క్షణమే ‘ఫలానా చోట తెరిచారు’ అనే కబురు ఆ బొమ్మ ఉన్న సర్వర్‌కు చేరుతుంది.

ఇవి ఊహలు కావు. పీడీఎఫ్ వ్యూయర్‌ను జావాస్క్రిప్ట్‌లోనే రాసి బ్రౌజర్లో కలిపిన మొదటి ఘనత ఫైర్‌ఫాక్స్‌ది. 2013 ఫిబ్రవరిలో 19వ వెర్షన్ నుంచి అది పీడీఎఫ్ డాట్ జేఎస్‌తో వస్తోంది. 2015 ఆగస్టులో ఒక రష్యన్ వార్తల సైటులోని ప్రకటన ఆ వ్యూయర్లోని లోపాన్ని వాడుకుని వాడకందారుల డిస్కులోని ఫైళ్లను దొంగిలించింది. విచిత్రం ఏమిటంటే అది వెతికినవి ఎక్కువగా డెవలపర్ల ఫైళ్లే. విండోస్ మీద సబ్‌వర్షన్, ఫైల్‌జిల్లా అమరికలు, లైనక్స్ మీద ఎస్‌ఎస్‌హెచ్ కీలు, కమాండ్ల చరిత్ర. మొజిల్లా వెంటనే 39.0.3 వెర్షన్‌తో దాన్ని మూసింది. 2024 మేలో అదే వ్యూయర్లో మరో లోపం బయటపడింది. పీడీఎఫ్‌లోని ఫాంటు వివరాల్లో సంఖ్యలుండాల్సిన చోట కోడ్ రాస్తే అది నడిచేది. ఫైర్‌ఫాక్స్ తనవరకు సరిచేసుకుంది. కానీ అదే లైబ్రరీని తమ పేజీల్లో కలుపుకున్న సైట్లు ఎన్నో, అవి ఎప్పుడు కొత్త వెర్షన్‌కు మారాలో వాటి యజమానుల చేతిలో ఉంది. మూలపడ్డ ఉచిత వ్యూయర్ సైటు ఒకటి ఇప్పటికీ పాత లైబ్రరీతోనే నడుస్తుండవచ్చు.

జాగ్రత్తగల వ్యూయర్ ఫైలు సారాన్ని చూపించే భాగాన్ని శాండ్‌బాక్స్ చేసిన లోపలి ఫ్రేములో పెడుతుంది. ఆ ఫ్రేముకు స్క్రిప్టు నడిపే హక్కు గానీ, బయటి పేజీ నిల్వను తాకే హక్కు గానీ ఉండవు. ఈ కట్టుదిట్టాన్ని ఉచితంగా ఇచ్చేది బ్రౌజరే. డెస్క్‌టాప్ మీద నడిచే చాలా వ్యూయర్లకు మీ డిస్కంతా తెరిచిన పుస్తకమే. ఈ కోణంలో చూస్తే అనుమానాస్పదమైన ఫైలును తెరవడానికి బ్రౌజరే మెరుగైన చోటు.

పేజీని దించుకుని వాడితే

వ్యూయర్ మొత్తం ఒకే హెచ్‌టీఎంఎల్ ఫైలుగా దొరికితే, దాన్ని డిస్కులో దాచుకుని అక్కడి నుంచే తెరవడం చక్కని ఉపాయం. రోజూ మారే కోడ్ బెడద పోతుంది. అలా తెరిచిన పేజీకీ నెట్ అందుబాటులోనే ఉంటుందన్నది మాత్రం మరవకూడదు. దించుకున్నంత మాత్రాన మూగబోదు, పైన చెప్పిన పాలసీ లైను ఇక్కడా కావాలి.

డిస్కు నుంచి తెరిచే పేజీలను బ్రౌజర్లు మునుపటిలా నమ్మడం లేదు. ఒకప్పుడు ఫైర్‌ఫాక్స్‌లో అలా తెరిచిన పేజీ అదే ఫోల్డర్లోని ఇతర ఫైళ్లను చదవగలిగేది. డౌన్‌లోడ్స్ ఫోల్డర్లో అన్నీ కలగాపులగంగా ఉండే లోకంలో అదెంత ప్రమాదమో వేరే చెప్పాలా? 2019 జులైలో 68వ వెర్షన్‌తో ఆ వెసులుబాటు తీసేశారు. ఫలితంగా ఇప్పుడు విడి మాడ్యూళ్లుగా రాసిన కోడ్, విడి వెబ్‌అసెంబ్లీ ఫైలు డిస్కు నుంచి లోడ్ కావు. రచయితలు అన్నింటినీ ఒకే ఫైలులో కుక్కాలి. వెబ్‌అసెంబ్లీని బేస్64 అనే అక్షరాల రూపంలోకి మార్చి కలిపితే అది మూడో వంతు పెరుగుతుంది. అయినా పర్లేదనిపించే బేరమే.

కుదరనప్పుడు చాలామంది పైథాన్‌తో వచ్చే చిన్న సర్వర్‌ను నడుపుతారు. ఇక్కడొక గుంట ఉంది. విడిగా చెప్పకపోతే ఆ సర్వర్ సొంత కంప్యూటర్‌కే పరిమితం కాకుండా నెట్‌వర్క్‌లోని అందరికీ వినిపిస్తుంది. కాఫీ షాపు వైఫైలో కూర్చుని, లోకల్‌గా చూసుకుందామని ప్రాజెక్టు ఫోల్డర్లో దాన్ని మొదలుపెడితే, ఫైర్‌వాల్ అడ్డుకోకపోతే, పక్క బల్ల వారు కూడా ఆ ఫోల్డరంతా తిరగవచ్చు. బైండ్ అనే ఎంపికకు సొంత కంప్యూటర్ చిరునామా అయిన 127.0.0.1 ఇస్తే చాలు, తలుపు లోపలి నుంచి గడియ పడుతుంది.

ఎలాగూ పంపాల్సిన ఫైళ్లు

గడప దాటకూడదంటే సరిపోని సందర్భం ఒకటుంది. వెబ్‌సైటు సరిగా పనిచేయడం లేదని ఫిర్యాదు చేస్తే, అవతలి సహాయ విభాగం ‘హార్ ఫైలు పంపండి’ అంటుంది. బ్రౌజర్‌కూ సర్వర్‌కూ మధ్య జరిగిన సంభాషణంతా, లాగిన్ కుకీలతో సహా, జేసన్ రూపంలో రికార్డయిన ఫైలు అది. 2023 అక్టోబరులో బయటపడిన ఉదంతంలో, లాగిన్ సేవలు అందించే ఆక్టా సంస్థ సహాయ విభాగంలోకి చొరబడినవారు సరిగ్గా ఇటువంటి ఫైళ్ల కోసమే వచ్చారు. 134 ఖాతాదారు సంస్థల ఫైళ్లు వారి చేతికి చిక్కాయి. వాటిలోని సెషన్ టోకెన్లతో, అంటే పాస్‌వర్డ్ మళ్లీ అడగకుండా లాగిన్‌ను నిలిపి ఉంచే గుర్తులతో, ఐదు సంస్థల ఖాతాల్లోకి ప్రవేశించారు. క్లౌడ్‌ఫ్లేర్, వన్‌పాస్‌వర్డ్, బియాండ్‌ట్రస్ట్ వంటి భద్రత తెలిసిన సంస్థలే ఆ దెబ్బ తగిలినవారిలో ఉన్నాయి.

మన దేశంలో ఇది చట్టం దాకా వచ్చిన సంగతి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం డేటాకు తగిన భద్రత కల్పించని సంస్థకు 250 కోట్ల రూపాయల వరకు జరిమానా పడవచ్చు. దాని నిబంధనలు 2025 నవంబరులో వెలువడ్డాయి, ప్రధాన బాధ్యతలు దశలవారీగా అమల్లోకి వస్తున్నాయి. ఖాతాదారుల ఫోన్ నంబర్లున్న సీఎస్వీని ఎవరో ఉద్యోగి ఊరూపేరూ లేని సైటులో తెరిస్తే జవాబు చెప్పాల్సింది సంస్థే.

ఆక్టా ఉదంతం తర్వాత క్లౌడ్‌ఫ్లేర్ ఒక శుభ్రపరిచే పనిముట్టును విడుదల చేసింది. అది బ్రౌజర్లోనే హార్ ఫైలును విప్పి, టోకెన్లను పనికిరాకుండా చేసి తిరిగి ఇస్తుంది. క్రోమ్ 130వ వెర్షన్ నుంచి హార్ ఎగుమతి చేసేటప్పుడు కుకీలను, ఆథరైజేషన్ హెడర్లను తనంతట తానే తీసేస్తోంది. కావాలనుకున్నవారు అమరికల్లోకి వెళ్లి తిరిగి చేర్చుకోవాలి. బ్రౌజర్ తయారీదారులు డిఫాల్ట్‌ను మార్చడం ఎన్ని హెచ్చరికల కంటే కూడా ఎక్కువ పనిచేస్తుంది. కానీ తీసేసేది ఆ హెడర్లనే. వెబ్ చిరునామాలోనే టోకెన్ అతికించే సైట్లున్నాయి, సర్వర్ జవాబు మధ్యలో టోకెన్ పంపేవీ ఉన్నాయి. అవి ‘శుభ్రమైన’ ఫైలులోనూ మిగిలే ఉంటాయి. వాటిని పట్టుకోవడం కష్టమేమీ కాదు. జేడబ్ల్యూటీ అనే టోకెన్ ఎప్పుడూ జేసన్‌నే బేస్64లోకి మార్చగా వచ్చేది కాబట్టి, దాని మొదటి మూడు ఇంగ్లిష్ అక్షరాలు దాదాపు ఎప్పుడూ చిన్న ‘ఇ’, చిన్న ‘వై’, పెద్ద ‘జే’గా ఉంటాయి. అది గుప్తలిపి కూడా కాదు, ఎవరైనా తిప్పి చదవగలరు. హార్ ఫైలును పంపే ముందు లోకల్ వ్యూయర్లో తెరిచి ఆ మూడక్షరాల కోసం వెతకాలి. కనిపించిన ప్రతి చోటా విలువను చెరిపి, ఆ తర్వాత సైటులో లాగౌట్ కూడా అయితే, చెరపడం మరిచిన టోకెన్లు కూడా సర్వర్ వైపు చాలావరకు చెల్లకుండా పోతాయి. చెల్లుబాటు వివరాలన్నీ తమలోనే మోసే జేడబ్ల్యూటీలు మాత్రం గడువు తీరేదాకా లాగౌట్‌ను పట్టించుకోకపోవచ్చు, అందుకే చెరపడమే ముందు.